మెడ చుట్టూ దారం వేసుకుని అల్లే మనిషి

ఆయన్ని మొదటిసారి ట్రామ్‌లో చూశాను. మేం జర్మనీలో కార్ల్స్‌రూహెకి వచ్చిన కొత్త. మావారి ప్రాజెక్టు ఉన్నట్టుండి దూరాన ఉన్న ఎష్‌బోర్న్ అనే ఊరికి మారింది. అక్కడ ఇల్లు దొరకలేదు. సోమవారం పొద్దున్నే రైలెక్కితే మళ్ళీ శుక్రవారం సాయంత్రానికి వచ్చేవారు. మిగతా రోజులన్నీ నేనూ, నా జర్మన్ క్లాసూ, పై అంతస్తులో మా రెండు గదులూ.

ఆ రోజు క్లాసు అయిపోయి వస్తుంటే ఎదురు సీట్లో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. ఎండకి కమిలిన ముఖం, చెవులు కప్పే ఎర్ర ఉన్ని టోపీ. అల్లుతున్నారు. దారం ఒళ్ళో ఉన్న ఉండలోంచి లేచి, మెడ వెనకనుంచి చుట్టూ తిరిగి, ముందుకొచ్చి సూదుల్లో పడుతోంది. సూదులు సన్నటి ఇనప తీగల్లా ఉన్నాయి. కింద చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ అల్లుతున్నారు. ట్రామ్‌లో ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. నేను మాత్రం ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

మాది నరసాపురం పక్క ఊరు. మా వైపు లేసు అల్లని ఇల్లు తక్కువ. మా తాతమ్మల కాలంలో మిషన్ దొరసానులు నేర్పారని చెప్పుకునేవాళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మా, పిన్నీ, పక్కింటివాళ్ళూ అరుగు మీద చేరి, కొక్కెం సూదితో తెల్లటి పువ్వులు అల్లుకుంటూ కూర్చునేవాళ్ళు. ఒకావిడ పువ్వులే అల్లుతుంది, ఇంకొకావిడ వాటిని అతుకుతుంది. ఏజెంటు వచ్చి మూట కట్టుకుని పోతాడు. ఆ గుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఎవరికీ తెలీదు. అమ్మ అల్లిన ఒక్క పెద్ద గుడ్డ కూడా మా ఇంట్లో లేదు. నలభై దాటకుండానే అమ్మకి చూపు మసకబారింది. నేను సూది పట్టుకుంటే లాగేసుకునేది. "నీకెందుకే ఇది, చదువుకో" అనేది. చదువుకున్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇక్కడికొచ్చాక భాష రాదని ఎవరూ పిలవలేదు.

మేం వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. నా రెసిడెన్స్ కార్డు గడువు అయిపోయి, కొత్తదానికి ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరక్క, దేశం దాటితే తిరిగి రానిస్తారో లేదో తెలియక వెళ్ళలేకపోయాను. శవప్పెట్టె మూయడం ఫోన్‌లో చూశాను. మధ్యలో నెట్ ఆగిపోయింది.

ట్రామ్ దిగితే పెద్దాయన కూడా అక్కడే దిగారు. అదే సందు, అదే బిల్డింగు. ఆయనది కింద ఇల్లు. తలుపు దగ్గర నిలబడి, వచ్చీ రాని జర్మన్‌లో అడిగాను.

"మీ దేశంలో మగవాళ్ళు కూడా అల్లుతారా?"

"మా దీవిలో మగవాళ్ళే అల్లుతారు" అన్నారు. "ఆడవాళ్ళు నేస్తారు. ఆడవాళ్ళు టోపీ అల్లడం నేను చూడలేదు."

"మా ఊళ్ళో ఆడవాళ్ళే అల్లుతారు. మగవాళ్ళు అమ్ముకుంటారు."

ఆయన నవ్వలేదు. తల ఊపి, "అమ్మేవాళ్ళు అన్నిచోట్లా వాళ్ళే" అన్నారు.

అలా మొదలైంది. ఆయన నన్ను ఇహా అని పిలిచేవారు. వాళ్ళ స్పానిష్‌లో కూతురా అని అర్థమట. నేను బాబాయిగారూ అనేదాన్ని. ఆ మాట ఆయనకి నోరు తిరిగేది కాదు, కానీ పిలిస్తే పలికేవారు. ఆయన జర్మన్ కూడా నాలాగే ముక్కలు ముక్కలుగా ఉండేది. అందుకే మా ఇద్దరికీ అర్థమయ్యేది.

ఆయనది పెరూలో టిటికాకా సరస్సు మధ్య ఒక చిన్న దీవి. కొండల మీద, మబ్బులకి దగ్గరగా ఉంటుందట. చెట్లు తక్కువ. గొర్రెలు, బంగాళాదుంపలు, గాలి. మగపిల్లాడికి మాటలు కుదురుకోగానే చేతికి సూదులిస్తారు. వాళ్ళ నాన్న సైకిల్ చక్రం పుల్లలు సాన పెట్టి సూదులు చేసిచ్చాడట. పెళ్ళికాని వాడి టోపీకి పైసగం తెలుపు, పెళ్ళయినవాడిది మొత్తం ఎరుపు. పెళ్ళికొడుకు తన టోపీ తనే అల్లుకోవాలి. పిల్లనిచ్చే మామ ఆ టోపీని తిరగేసి పట్టుకుని నీళ్ళు పోస్తాడు. నీళ్ళు కారకుండా నిలిస్తే వాడు పనిమంతుడని పిల్లనిస్తాడు. పెళ్ళికూతురు మొగుడికి నడికట్టు నేస్తుంది. ఉన్నితో పాటు తన తలవెంట్రుకలు కూడా కలిపి నేస్తుంది.

ఆ నడికట్టు ఆయన చొక్కా కింద ఎప్పుడూ ఉండేది. ఒకసారి చూపించారు. ఎర్రటి నేతలో సన్నటి నల్ల పోగులు. పెళ్ళయిన కొత్తలో, ఊరివాళ్ళతో కలిసి వెదురు పిల్లనగ్రోవులు వాయించే బృందంలో జర్మనీ వచ్చారట. ఒక్క వేసవి అనుకుని వచ్చారు. ఊరూరా బజారు వీధుల్లో నిలబడి వాయించారు. బృందంలో గొడవలొచ్చి చెదిరిపోయారు. ఈయన పార్సిళ్ళ గోడౌన్‌లో పనికి కుదిరారు. తిరిగి వెళ్ళేలోపే భార్య జ్వరంతో పోయింది. కబురు అందేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది.

"ఇంక ఎవరి కోసం వెళ్ళాలి?" అన్నారు. "ఇక్కడ ఎవరున్నారని కాదు. వెళ్తే అక్కడ కూడా ఆమె లేదని తెలుస్తుంది. అంతే తేడా."

అమ్మ పోయినప్పటి సంగతి ఆయనకి అప్పుడే చెప్పాను. బీరు సీసా తెరిచి, ముందు కొంచెం పూలకుండీలో మట్టి మీద పోశారు. తాగే ముందు నేలతల్లికి పోయడం వాళ్ళ అలవాటు. తర్వాత ఇంకొంచెం పోసి, "ఇది మీ అమ్మకి" అన్నారు. మేం క్రైస్తవులం, మా ఇంట్లో ఇలాంటివి ఉండవని చెప్పాలనుకుని ఊరుకున్నాను.

గోడౌన్ పని మానేశాక ఆయన ఇంట్లోనే అల్లేవారు. డిసెంబరులో క్రిస్మస్ బజారు పెడితే, చర్చివాళ్ళ దుకాణంలో ఒక మూల ఆయనకిచ్చేవారు. ఆ మొదటి చలికాలం నేనూ కొక్కెం సూది కొన్నాను. చిన్నప్పుడు అమ్మ చూడకుండా నేర్చుకున్నదే, పెళ్ళయ్యాక మళ్ళీ పట్టుకోవడం అదే. చెట్టుకి వేలాడదీసే తెల్లటి పువ్వులు అల్లాను. ఇద్దరం ఆ మూలన నిలబడి అమ్మాం. ఆయన టోపీలు పక్కన పెడితే జనం పట్టుకుని చూసి, బాగుందని చెప్పి, అవతలి వరసలో ఉన్న కొట్లోకి వెళ్ళి అలాంటిదే మిషన్ మీద అల్లిన టోపీ కొనుక్కునేవాళ్ళు. ఒకావిడ నా పువ్వులు ఎక్కడ తెప్పిస్తారని అడిగింది. నేనే అల్లానంటే నమ్మలేదు. శుక్రవారం మావారు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను.

"చలిలో అంతసేపు నిలబడి ఏం వస్తుంది? ఆ జర్మన్ పరీక్షేదో రాసెయ్యి, ఉద్యోగం చూద్దాం" అన్నారు. ఆయన మాటలో తప్పేం లేదు. పరీక్ష రాశాను. పోయింది. మళ్ళీ రాశాను.

తర్వాతి వేసవిలో పెద్దాయనకి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. దీవిలో మిగిలిన దగ్గరి చుట్టం ఆ తమ్ముడొక్కడే. తన కొడుకు లీమాలో ఆటో తోలుతున్నాడు, పెళ్ళి కుదిరింది, వాడికి అల్లడం రాదు, పెళ్ళి టోపీ నువ్వు అల్లి పంపమన్నాడట. ఎవరు అల్లారో ఎవరికి తెలుస్తుందన్నాడట.

అంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. దారం కోసం ఊరంతా తిరిగారు. మనకి నచ్చిన ఎరుపు వేరు, ఆయనకి కావాల్సిన ఎరుపు వేరు. మా కిటికీ వెలుతురు బాగుందని మా వంటింట్లో కూర్చుని అల్లేవారు. నేను పాఠాలు చదువుకునేదాన్ని. మధ్యమధ్యలో టోపీలో ఉన్న బొమ్మలు చెప్పేవారు. ఇది పొలాల్ని ఆరు భాగాలు చేసిన చక్రం, ఇది వాన తెచ్చే పిట్ట, ఇది శుక్రతార.

ఆయన కుడిచెయ్యి వణుకుతోందని నాకు అప్పుడే తెలిసింది. మొదట టీ కప్పు పట్టుకున్నప్పుడు. తర్వాత అల్లిక కన్నులోంచి సూది జారిపోవడం. జారిన ప్రతిసారీ వెనక్కి విప్పి మళ్ళీ అల్లేవారు. డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. టెర్మిన్ దొరకడానికే నెలలు పట్టింది. లోపల డాక్టరు పరీక్ష చేసి, నరాల జబ్బు, మందు వేసుకుంటే నెమ్మదిస్తుంది గానీ నయం కాదని చెప్పాడు. "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. "అల్లుతాను" అన్నారు ఈయన. "మంచిదే, చేతులకి వ్యాయామం" అన్నాడు డాక్టరు.

ఆకులు రాలే రోజుల్లో టోపీ పూర్తయింది. ఒక మధ్యాహ్నం పట్టుకొచ్చి, సింకు పైన తిరగేసి పట్టుకుని, "నువ్వు పొయ్యి" అన్నారు.

"నేనా? పిల్లనిచ్చేవాళ్ళు కదా పొయ్యాలి?"

"వాళ్ళు పోసేలోపు నాకు తెలియాలి."

గ్లాసుతో మెల్లిగా పోశాను. కాసేపు నిలిచాయి. నేను ఊపిరి పీల్చుకునేలోపే కింద ఒక చుక్క కనిపించింది. తర్వాత ఇంకో చోట. తర్వాత వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. ఆయన ఖాళీ టోపీ అలాగే పట్టుకుని నిలబడ్డారు. చెయ్యి వణుకుతుంటే టోపీ కుచ్చు కూడా వణికింది.

"కొంచెమే కదా బాబాయిగారూ" అన్నాను.

"కొంచెం కారినా కారినట్టే" అన్నారు. ఆరబెట్టి, విప్పేసి, మళ్ళీ మొదలుపెట్టారు.

రెండోసారి సగంలో ఉండగా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. పెళ్ళి ముందుకి జరిపారట. బజార్లో మిషన్ టోపీ కొనేశారట, మంచి రంగు అట. నీళ్ళు పోస్తారా అని ఈయన అడిగితే, తమ్ముడు నవ్వాడు. ఈ రోజుల్లో ఆ పని ఎవరూ చెయ్యరన్నాడట. ఫోన్‌లో తమ్ముడి తల మీద ఉన్నది కూడా మిషన్ టోపీయేనని ఫోన్ పెట్టేశాక నాతో చెప్పారు. ఎలా తెలిసిందంటే, "మా నాన్న నేర్పిన పిల్లలం, మాకు తెలీదా" అన్నారు.

సగం టోపీ సూదులతో సహా సంచిలో పెట్టేశారు. మళ్ళీ తియ్యలేదు. క్రిస్మస్ బజారుకి ఆ ఏడు వెళ్ళలేదు. చర్చివాళ్ళు ఆ మూలని తేనె అమ్మేవాళ్ళకిచ్చారు.

అంతకు ముందు, నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్ళ కోసం ఆయన బల్ల పరిచారు. వాళ్ళ వైపు ఆ రోజున పోయినవాళ్ళు వచ్చి తిని వెళ్తారని నమ్మకం. పిల్లల ఆకారంలో రొట్టెలు చేసి పెడతారు. ఈయన బేకరీ నుంచి తెచ్చిన రొట్టెలకి కత్తితో కళ్ళూ నోరూ గీశారు. ఉడికిన బంగాళాదుంపలు, బీరు, కొవ్వొత్తులు. నన్ను పిలిచి, మీ అమ్మకేమిష్టమని అడిగారు. మా ఊళ్ళో కూడా సమాధుల పండగకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తిండి మాత్రం పెట్టం. అయినా చేపల పులుసు చేసి తీసుకెళ్ళాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఎవరైనా వచ్చినట్టు ఆయనకి అనిపించిందా అని అడిగాను.

"ఇంత దూరం ఎలా వస్తారు, ఇహా?" అన్నారు. "దారి తెలీదు వాళ్ళకి."



జనవరిలో ఆయన తలుపు తియ్యలేదు. పిలిస్తే లోపల ఏదో చప్పుడయింది. బిల్డింగు చూసుకునేతన్ని పిలిచి తాళం తీయించాను. స్నానాల గది దగ్గర కింద పడి ఉన్నారు. నోరు ఒక పక్కకి లాగేసింది. అంబులెన్స్ వాళ్ళు పక్షవాతం అన్నారు. ఆస్పత్రిలో కొన్నాళ్ళుంచి, చూసుకునేవాళ్ళు లేరని ఊరి చివర వృద్ధాశ్రమంలో, ఇక్కడివాళ్ళ మాటలో హైమ్‌లో, చేర్చారు. కాగితాల పనంతా కోర్టు నియమించిన ఒకాయన చూశాడు. ఇల్లు ఖాళీ చేయించింది కూడా ఆయనే. నేను క్లాసు నుంచి వచ్చేసరికి అల్లిక సంచితో సహా అన్నీ వెళ్ళిపోయాయి. ఎక్కడికని అడిగితే నేను బంధువుని కానన్నాడు. అది నిజమే.

హైమ్‌కి వారంలో కుదిరినప్పుడల్లా వెళ్ళేదాన్ని. కుడి వైపు కదలిక లేదు. అంతకంటే పెద్ద దెబ్బ, జర్మన్ పూర్తిగా పోయింది. స్పానిష్ కూడా పోయింది. చిన్నప్పటి దీవి భాష ఒక్కటే మిగిలింది. అక్కడున్న నర్సుల్లో ఒకమ్మాయికి స్పానిష్ వచ్చు. కాసేపు విని తల అడ్డంగా ఊపింది. "ఇది కెచువా అయి ఉంటుంది. నాకు రాదు" అంది. మిగతావాళ్ళు ఆయన ఊరికే గొణుగుతున్నారనుకునేవాళ్ళు.

ఎడమచెయ్యి మాత్రం మాటిమాటికీ మెడ దగ్గరికి పోయేది. మెడ వెనక ఏదో తడుముకునేది. దురద అనుకుని నర్సు క్రీము రాసింది. నాకు తెలుసు ఏం వెతుకుతున్నారో. మర్నాడు ఎర్ర ఉన్ని ఉండ కొనుక్కెళ్ళి, మెడ చుట్టూ దారం వేసి, కొస ఎడమచేతిలో పెట్టాను. వేళ్ళతో దాన్ని నలుపుతూ కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ వెళ్ళేసరికి దారం లేదు.

"మెడకి తాడు కుదరదండి" అంది నర్సు. "బిగుసుకుంటే మా మీదకొస్తుంది. అర్థం చేసుకోండి."

అర్థం చేసుకున్నాను.

నడికట్టు సంగతి తర్వాతి నెలలో జరిగింది. ఎవరో దాన్ని మురికిబట్టల్లో వేశారు. వేడినీళ్ళ మిషన్లో పడి ముడుచుకుపోయి, అరచేతి పొడవు గట్టి ముద్దయింది. ఉన్నీ వెంట్రుకలూ ఒకదాన్లో ఒకటి దిగబడిపోయి, విడదీయడానికి లేకుండా ఉంది. నర్సు మంచిదే, పాపం, క్షమించమని చాలాసార్లు చెప్పింది. ఆయనకి ఏమీ అనడానికి భాష లేదు. ఆ ముద్దని ఎడమచేత్తో పట్టుకుని కిటికీ వైపు తిరిగి పడుకున్నారు. నేను ఉన్నంతసేపూ ఇటు తిరగలేదు.

ఒకసారి నా ఫోన్ నుంచి తమ్ముడికి వీడియో కాల్ కలిపాను. అంతకు ముందు ఆయన రాయించిన తమ్ముడి నంబరు నా దగ్గరే ఉంది. అన్న గొంతు వినగానే అతను పనివదిలి కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. ఆయన మాట్లాడింది మాటలేనని, ఎవరికో అర్థమవుతోందని ఆ గదిలో అందరూ మొదటిసారి చూశారు. తర్వాత తమ్ముడు స్పానిష్‌లో చెప్తే నర్సమ్మాయి నాకు చెప్పింది. ఇది ఎవరి ఇల్లు అని అడుగుతున్నారట. పడవ ఎప్పుడు అని అడుగుతున్నారట.

"తమ్ముడేం చెప్పారు?" అన్నాను.

"రేపు అని చెప్పారట."

ఆ తర్వాత చాలాసార్లు చేశాను. దీవిలో సిగ్నల్ లేదో, అతను పొలాల్లో ఉన్నాడో, కలవలేదు. నేనే పక్కన కూర్చునేదాన్ని. ఆయన చాలాసేపు ఏదో చెప్పేవారు. జర్మన్‌లో జవాబిచ్చి లాభం లేదు కనక తెలుగులో చెప్పేదాన్ని. వాన పడుతోందని, ఈసారి కూడా పరీక్ష పోయిందని, మావారు ఎష్‌బోర్న్‌లో ఇల్లు చూశారని, మేం వెళ్ళిపోవాల్సి వస్తుందని. ఒకరి మాట ఒకరికి తెలిసినట్టు అనిపించేదని రాయాలని ఉంది. అనిపించలేదు. ఆయన అడుగుతున్నట్టుండేది, నేను జవాబు చెప్పలేకపోతున్నానని ఆయనకి తెలిసిపోయేది. చివరికి ఇద్దరం మాట్లాడడం ఆపేసేవాళ్ళం.

మార్చిలో మేం ఇల్లు మారాం. సామాను సర్దుకునే హడావిడి తీరాక, ఒక పొద్దున ఎష్‌బోర్న్ నుంచి రైల్లో వచ్చి హైమ్‌కి వెళ్ళాను. గది తలుపు మీద వేరే పేరు ఉంది. లోపల ఇంకో ముసలాయన టీవీ చూస్తున్నారు. స్పానిష్ నర్సమ్మాయి నన్ను నడవాలో ఆపింది.

"నిద్రలోనే పోయారు" అంది. "మీ నంబరు ఫైల్లో లేదు. బంధువులు లేరని మునిసిపాలిటీవాళ్ళే దహనం చేయించారు. బూడిద కుండ పచ్చిక కింద పూడ్చేస్తారు, అక్కడ రాయి ఉండదు."

ఎక్కడని అడిగితే పెద్ద శ్మశానంలో ఆ వైపు అంటూ చేత్తో చూపించింది. వెళ్ళాను. గడ్డి ఒకటే తీరుగా ఉంది. ఎవరెక్కడున్నారో చెప్పడానికి గుర్తు లేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

తమ్ముడికి చెప్పాలి. నాతో జర్మన్ క్లాసులో చదివిన కొలంబియా అమ్మాయిని బతిమాలి, ఆమె ఇంటికెళ్ళి, అక్కణ్ణించి ఫోన్ చేశాం. ఆ రోజు కలిసింది. ఆమె స్పానిష్‌లో మెల్లిగా చెప్పింది. అవతల గాలి చప్పుడు వినపడుతోంది. తర్వాత అతను ఒకే ఒక్క మాట అడిగాడు. ఆమె నా వైపు తిరిగింది.

"బట్టలు పంపగలరా అంటున్నారు. పోయినవాళ్ళ బట్టలు ఇంటివాళ్ళు సరస్సులో ఉతకాలట. ఉతికితేనే మనిషి బయల్దేరతాడట. లేకపోతే ఎక్కడున్నాడో అక్కడే ఉండిపోతాడట."

హైమ్‌లో అప్పటికే అడిగాను. గది ఖాళీ చేసేటప్పుడు బట్టలు పారేస్తారని చెప్పారు.

"లేవని చెప్పు" అన్నాను.

ఆమె చెప్పింది. అతను సరేనన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఇద్దరం ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. లైను కట్ అయింది. ఆ తర్వాత నేను చెయ్యలేదు, అతనూ చెయ్యలేదు.